బాబాయి ప్రేమలో పడ్డాడు!

హైదరాబాద్ చూడటానికి వచ్చేవాళ్ల జేబులో ఓ జాబితా ఉంటుంది. చార్మినార్, గోల్కొండ, సాలార్‌జంగ్ మ్యూజియం, బిర్లా మందిర్, ట్యాంక్‌బండ్. టైముంటే ఫిల్మ్ సిటీ. ఒక్కోదాని ముందు నిలబడి ఓ ఫొటో, జాబితాలో ఓ టిక్కు. సాయంత్రానికి కాళ్లు పీకేస్తాయి. రాత్రికి రైలెక్కేస్తారు.

ఆ జాబితాలో అబిడ్స్, నాంపల్లి ఉండవు. అవి చూసే చోట్లు కావు మరి. దిగే చోట్లు, బస్సు మారే చోట్లు, చెప్పులు కొనుక్కునే చోట్లు. ప్రేమలో పడటానికి ఎవరైనా నాంపల్లి వస్తారా?

మా బాబాయి వచ్చాడు. పడ్డాడు కూడా. అదీ అరవై మూడేళ్ల వయసులో, పంచె కట్టుకుని, భుజాన తువ్వాలు వేసుకుని!

అసలాయన వచ్చింది ప్రేమించడానికి కాదు. మా చెల్లెల్ని, అంటే ఆయన కూతుర్ని, ఈ ఊరి నుంచి విడదీసి తీసుకుపోవడానికి. దానికి బ్యాంకు ఉద్యోగం వచ్చింది. పోస్టింగు అబిడ్స్‌లో. నిడదవోలు దగ్గర పల్లెలో పుట్టి, తణుకులో చదువుకున్న పిల్ల. డిసెంబరులో వచ్చి ఉద్యోగంలో చేరింది, దగ్గర్లోనే ఓ లేడీస్ హాస్టల్లో దిగింది. నెల తిరక్కుండానే బాబాయి నుంచి కబురు... ‘‘పండగెళ్లాక వస్తున్నా. చూస్తా. బాగోకపోతే పిల్లని తీసుకొచ్చేస్తా.’’

‘బాగోకపోతే’ అన్నది మాటవరసకే. ఆయన లెక్కలో సిటీ అనేది బాగుండే అవకాశమే లేదు. ‘‘అక్కడ మనిషిని మనిషి చూడడురా. పక్కవాడు పడిపోయినా దాటుకుని పోతారు’’ అనేది ఆయన సిద్ధాంతం. దానికి ఆధారాలు రెండు. ఒకటి, టీవీ. రెండు, ఎప్పుడో పాతికేళ్ల కిందట ఈ ఊళ్లో పర్సు పోగొట్టుకున్న వాళ్ల బావమరిది.

‘‘అన్నయ్యా, నాన్న తనిఖీకి వస్తున్నాడు. నువ్వే ఎలాగోలా చూసుకోవాలి’’ అని చెల్లెలు ఫోన్లో ఏడవలేక నవ్వింది. పైగా రాజమండ్రి సంబంధం ఒకటి రెడీగా ఉందట. అబ్బాయి వాళ్లకి ఉద్యోగం చేసే కోడలు అక్కర్లేదట.

జనవరిలో ఓ శనివారం తెల్లవారుజామున గోదావరి ఎక్స్‌ప్రెస్ నాంపల్లి స్టేషన్‌కి వచ్చింది. బాబాయి దిగాడు. ఆయనతోపాటు ఓ బియ్యం మూట, ఆత్రేయపురం పూతరేకుల డబ్బా, పన్నెండు కొబ్బరికాయలు, రెండు సీసాల నిండా గోదారి నీళ్లు దిగాయి. ‘‘మీ ఊరి నీళ్లు నాకు పడవు’’ అన్నాడు. నమస్కారం కంటే ముందొచ్చిన మాట అది.

తర్వాత ప్లాట్‌ఫాం చివరికి నడిచి ఆగిపోయాడు. అక్కడ పట్టాలు అయిపోతాయి. మన వైపు స్టేషన్లలో పట్టాలు ఇటునుంచి వచ్చి అటు పోతుంటాయి. నాంపల్లిలో రైలు వచ్చి ఆగాల్సిందే, ముందుకు దారి లేదు. 1907లో కట్టిన స్టేషన్ ఇది. రైల్వేవాళ్ల పుస్తకాల్లో దీని పేరు హైదరాబాద్ దక్కన్. జనం నోట్లో మాత్రం ఎప్పుడూ నాంపల్లే.

‘‘ఏంట్రా, ఇక్కడితో సరా?’’ అన్నాడు.

‘‘సరే బాబాయ్. వచ్చినవాళ్లందరూ ఇక్కడ దిగిపోవాల్సిందే.’’

‘‘నాంపల్లి అంటే? పల్లేనా?’’

చెప్పాను. కుతుబ్‌షాహీల కాలంలో నేక్‌నామ్ ఖాన్ అనే పెద్ద అధికారి ఉండేవాడని, ఆయన పేరు మీద నేక్‌నామ్‌పల్లి అయి, అదే జనం నోట్లో నలిగి నాంపల్లి అయిందని చెబుతారని. నేక్‌నామ్ అంటే మంచి పేరు.

బాబాయి మొహంలో మొదటిసారి కాస్త వెలుగొచ్చింది. ‘‘అంటే మంచి పేరున్న పల్లె. పల్లె అని పేరులోనే ఉందిగా! ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా’’ అన్నాడు.

స్టేషన్ బయట ఓ ఇరానీ హోటల్లో కూర్చున్నాం. ఎదురుగా ఇద్దరు అపరిచితులు. ఇక్కడి పద్ధతి అదే కదా... కుర్చీ ఖాళీగా ఉంటే టేబుల్ అందరిదీ. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు వచ్చాయి. బాబాయి ఓ గుక్క తాగాడు. ఆగాడు. కప్పులోకి చూశాడు. సాసర్లో పోసుకుని మళ్లీ తాగాడు. వెయిటర్ అటుగా వస్తూ ‘‘ఔర్ ఏక్?’’ అన్నాడు. బాబాయికి హిందీ రాదు. కానీ ఏదో మర్యాదగా అడిగాడని అర్థమైంది. మా గోదావరి జిల్లాల్లో మర్యాదకి మర్యాద ఒక్కటే... ‘‘ఆయ్’’ అన్నాడు.

ఇంకో చాయ్ వచ్చింది. అది అయ్యాక మళ్లీ అడిగాడు. మళ్లీ ‘‘ఆయ్.’’ అలా నాలుగు చాయ్‌లు అయ్యాయి. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ‘‘కహాఁ సే ఆయే బాబా?’’ అని అడిగితే నేను అనువదించాను. బాబాయి తన ఊరు, చెరువు, ఈ ఏడు వరి దిగుబడి, అన్నీ తెలుగులో చెప్పాడు. ఆయన ‘హౌ... హౌ...’ అంటూ అన్నీ విన్నాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అయినా ముప్పావుగంట మాట్లాడుకున్నారు.

బయటికొచ్చాక బాబాయి అడిగిన మొదటి ప్రశ్న... ‘‘ఇంతసేపు కూర్చుంటే లెమ్మనరేంట్రా?’’

నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

హాస్టల్ తనిఖీ బ్రహ్మాండంగా జరిగింది. తలుపు గడియ మూడుసార్లు వేసి తీసి చూశాడు. నీళ్ల ట్యాంకు మూత ఎత్తించాడు. పప్పు గిన్నెలో గరిటె తిప్పి, ‘‘చింతపండు ఎక్కువ, పప్పు తక్కువ’’ అని తీర్పిచ్చాడు. వార్డెన్ ఆవిడ గట్టిది. ‘‘మీరొచ్చి వండి పెడతా అంటే నేనొద్దంటనా పెద్దాయనా?’’ అంది. బాబాయి ఆవిణ్ని తేరిపార చూసి, బియ్యం మూట అక్కడే దించేశాడు. అది మా ఇంటికి తెచ్చిందని నేననుకున్నాను.

అక్కణ్నుంచి అబిడ్స్. నెహ్రూ విగ్రహం దగ్గర రోడ్డు దాటాలి. నాలుగు వైపుల నుంచీ బళ్లు, ఆటోలు, బస్సులు. బాబాయి ఓ అడుగు ముందుకు, రెండడుగులు వెనక్కి. మా ఊళ్లో పొగరుబోతు ఎద్దుని లొంగదీసిన మనిషి, అబిడ్స్ ఆటోల ముందు తువ్వాలు బిగించి నిలబడిపోయాడు. నేను అవతల గట్టుకి చేరి చూద్దును కదా, ఆయన ఇవతలే ఉన్నాడు.

నేను వెనక్కి వెళ్లేలోపే బురఖాలో ఉన్న ఓ పెద్దావిడ ఆయన పక్కన ఆగింది. చేతిలో కూరగాయల సంచీ. ఓ మాటా లేదు, పలుకూ లేదు. బాబాయి మోచెయ్యి పట్టుకుంది. రెండో చెయ్యి పైకెత్తి, ఆటోల వైపు ఓ చూపు చూసింది. ఆటోలు ఆగాయి! ఆయన్ని అవతలికి చేర్చి, ‘‘జాయియే బాబా’’ అని తన దారిన తను వెళ్లిపోయింది.

బాబాయి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా, ‘‘పేరు కూడా అడగలేదురా’’ అన్నాడు. మనిషిని మనిషి చూడడన్న సిద్ధాంతానికి అక్కడ ఓ ఇటుక ఊడింది.

‘‘ఇంతకీ అబిడ్స్ అంటే?’’

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ దగ్గర ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆంతరంగిక సేవకుడు ఉండేవాడు. ఆర్మేనియన్ అంటారు. ఆయన ఇక్కడ ఓ దుకాణం పెట్టాడు. ఆ దుకాణం పోయింది. నిజాముల రాజ్యమూ పోయింది. ఆబిద్ పేరు మాత్రం పేటకి మిగిలింది.

బాబాయికి ఇది తెగ నచ్చేసింది. ‘‘రాజుగారి పేరు కాకుండా కొట్టువాడి పేరు పెట్టుకున్నారా? అయితే ఫర్వాలేదురా, లెక్క తెలిసిన ఊరే!’’

ఆ మధ్యాహ్నం పబ్లిక్ గార్డెన్స్‌లోని మ్యూజియంకి తీసుకెళ్లాను. అక్కడ ఈజిప్టు మమ్మీ ఉంది, ఓ యువతిది. రెండువేల ఏళ్ల పైమాటే. ఏడో నిజాం కాలంలో ఇక్కడికి చేరింది. పిల్లలంతా కేరింతలు కొడుతుంటే బాబాయి ఒక్కడే చేతులు జోడించాడు. ‘‘ఎవరి కూతురో పాపం, ఎంత దూరం వచ్చిందో’’ అన్నాడు. చెల్లెలు నా వైపు చూసింది. నేను ఈజిప్టు వైపు చూశాను.

ఆదివారం తెల్లారేసరికి బాబాయి స్నానం చేసి తయారు. ‘‘ఇవాళెక్కడికి? ఆ హోటల్‌కేనా?’’ అని ఆశగా అడిగాడు. మలక్‌పేటలో మెట్రో ఎక్కాం. 2018లో ఈ దారిలో మెట్రో వచ్చాక నాంపల్లి మాకు నాలుగో స్టేషన్. ఎస్కలేటర్ దగ్గర మాత్రం పెద్ద గొడవైంది. కదిలే మెట్లు ఎక్కనన్నాడు. ‘‘మెట్టు కదలకూడదురా. మనిషి కదలాలి. అందుకే దాన్ని మెట్టన్నారు.’’ మామూలు మెట్లే ఎక్కి, ఆయాసపడుతూ నెగ్గినవాడిలా నవ్వాడు.

ఆదివారం అబిడ్స్ మీలో చాలామందికి తెలిసిందే. కొట్ల షట్టర్లు దించి ఉంటాయి. వాటి ముందు పేవ్‌మెంట్ మీద పాత పుస్తకాలు పరుచుకుంటాయి. వైద్యం, ఇంజినీరింగు, ఇంగ్లిష్ నవలలు, పోటీ పరీక్షల గైడ్లు, మొదటి పేజీలో ఎవరి పెళ్లికో ‘శుభాకాంక్షలతో’ అని రాసిచ్చిన పుస్తకాలు... బాబాయి వంగి, ఓ గుట్టలోంచి అట్ట చిరిగిన చందమామ లాగాడు. ఆయన చిన్నప్పటి సంచిక. అక్కడే గట్టు మీద కూలబడి చదవడం మొదలెట్టాడు. పుస్తకాలతను వద్దనలేదు. నీడ కోసం పైన పట్టా కాస్త జరిపాడు.

బేరం మాత్రం వదల్లేదు. వంద అన్నాడతను. బాబాయి ఇరవై అన్నాడు. అర్ధగంట తర్వాత అరవైకి కుదిరింది. ఇద్దరి మొహాల్లోనూ విజయగర్వం.

మధ్యాహ్నం మోజంజాహీ మార్కెట్. ఏడో నిజాం రెండో కొడుకు మోజంజా పేరు మీద 1935లో కట్టింది. మధ్యలో చాలా ఏళ్లు దుమ్ము కొట్టుకుపోయి, 2020లో బాగుచేశాక మళ్లీ కళ వచ్చింది. ఐస్‌క్రీమ్ చేతిలో పెడితే బాబాయి దాన్ని వదిలేసి గోడ తడిమాడు. ‘‘రాయి అంటే ఇదీ!’’ అన్నాడు. ఈలోగా ఐస్‌క్రీమ్ కరిగి మోచేతి దాకా కారింది. అదీ నాకాడు. ఎవరూ చూడలేదనుకున్నాడు. చూశాం.

రోడ్డవతల కరాచీ బేకరీ బోర్డు చూసి ఆగాడు. ‘‘కరాచీ పాకిస్థాన్లో కదా ఉంది?’’ దేశ విభజనప్పుడు కరాచీ వదిలి వచ్చిన సింధీ కుటుంబం 1953లో పెట్టిన కొట్టు అది. పోగొట్టుకున్న ఊరి పేరు బోర్డు మీద రాసుకున్నారు. వాళ్ల పండు బిస్కెట్లు ఇప్పుడు ‘హైదరాబాద్ నుంచి ఏం తెచ్చావ్’ అన్న ప్రశ్నకి జవాబైపోయాయి. బాబాయి లోపలికెళ్లి రెండు డబ్బాలు కొన్నాడు. బేరం ఆడలేదు. అది చూసి నేనూ చెల్లెలూ మొహమొహాలు చూసుకున్నాం.

బయటికొచ్చి కాసేపు నిలబడి, ‘‘ఆబిద్ ఎక్కడివాడో. ఈ బిస్కెట్లవాళ్లు ఎక్కడివాళ్లో. ఆ మమ్మీ పిల్ల సరేసరి. ఈ ఊరికి ఈ ఊరివాళ్లు ఎవరూ లేరేంట్రా?’’ అన్నాడు.

‘‘ఉన్నారు నాన్నా. వచ్చిన కొన్నాళ్లకి అందరూ అయిపోతారు’’ అంది చెల్లెలు. దానివైపు చురుగ్గా చూశాడు. కానీ ఏమీ అనలేదు.

సాయంత్రం నుమాయిష్. నాంపల్లి ఎగ్జిబిషన్ అంటే తెలియనిదెవరికి? ఏటా జనవరి ఒకటిన మొదలై నెలన్నర ఉంటుంది. కశ్మీరు శాలువాలు, లక్నో కుర్తాలు, జెయింట్‌వీల్, మిర్చీ బజ్జీలు, మైకులో ‘ఫలానా రంగు చొక్కా బాబు తప్పిపోయాడు’ ప్రకటనలు. మా బాబాయి పేరు కూడా మైకులో వస్తుందని నేను భయపడుతూనే ఉన్నాను. రెండుసార్లు తప్పిపోయాడు. రెండుసార్లూ అప్పడాల స్టాల్ దగ్గరే దొరికాడు.

ఈ ఎగ్జిబిషన్ కథ మాత్రం ఆయన శ్రద్ధగా విన్నాడు. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పట్టభద్రులు పబ్లిక్ గార్డెన్స్‌లో చిన్నగా మొదలెట్టారు. జనం పెరిగి చోటు చాలక 1946లో ఈ మైదానానికి మారింది. ఇక్కడ వచ్చే ఆదాయంతో ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలు నడుపుతుంది. ఆడపిల్లల కోసం సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయం, కమలా నెహ్రూ పాలిటెక్నిక్ ఈ మైదానంలోనే ఉన్నాయి.

‘‘అంటే, మనం కొన్న టిక్కెట్ డబ్బులు ఆడపిల్లల చదువుకా?’’ అన్నాడు బాబాయి, చేతిలో బండి చక్రమంత అప్పడం పట్టుకుని.

‘‘అందులో కొంత.’’

అప్పడం విరిచి ఓ ముక్క కూతురికిచ్చాడు. పెద్ద ముక్కే.

ఇంతలో ఊరి నుంచి పిన్ని ఫోన్. ‘‘ఏరా అబ్బాయ్, మీ బాబాయి రెండ్రోజుల్నుంచి ఫోనెత్తట్లేదు. ఒంట్లో బాగానే ఉందా?’’ బాగానే ఉందన్నాను. ‘‘పిల్లని తీసుకొస్తున్నాడా?’’ అని అడిగింది. ఆ గొంతులో భయం ఎటువైపు భయమో నాకు తెలియలేదు. తీసుకొస్తాడేమోననా, తీసుకురాడేమోననా? ఒక్క క్షణం ఆగి తనే చెప్పింది... ‘‘దాన్ని అక్కడే ఉండనివ్వమని నేనన్నానని చెప్పకు. ఆయనంతట ఆయనకే తోచాలి.’’

ఇక ఆయనకు ఈ ఊరిలో తప్పులు కనిపించలేదని కాదు. దుమ్ము, గోడల మీద పాన్ మరకలు, వంద గజాలకి నూటయాభై అడిగిన ఆటో. ‘‘ఎక్కుతానన్నానయ్యా, బండి కొంటానన్లేదు’’ అన్నాడు దానికి. ప్రేమ గుడ్డిదంటారు. అబిడ్స్ హారన్ల మధ్య అది చెవిటిది కూడా అని నాకర్థమైంది. పదిమందిలో ఒకడు ఒక చెడ్డమాటంటే, మిగతా తొమ్మిదిమందినీ లెక్కపెట్టి నాకు చూపించేవాడు. రెండ్రోజుల కిందట ఇదే మనిషి ఆ ఒక్కణ్నే లెక్కపెట్టేవాడు.

సోమవారం పొద్దున కూతురితో పాటు హాస్టల్ నుంచి బ్యాంకుకి నడిచాడు. పొలం గట్టు కొలిచినట్టు అడుగులు లెక్కపెట్టాడు. దారిలో ఇస్త్రీ బండి దగ్గర ఆగాడు. ‘‘మా అమ్మాయి. ఈ దారినే వెళ్తుంది. ఆయ్. కాస్త చూస్తుండండి.’’ మందుల షాపు దగ్గర అదే మాట. పూలమ్మే ఆవిడ దగ్గర అదే మాట. చెల్లెలికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ‘‘నాన్నా, ఇక్కడ అలా చెప్పరు’’ అంటే, ‘‘చెప్పకపోతే వాళ్లకెలా తెలుస్తుంది?’’ అన్నాడు. పూలావిడ మాత్రం ‘‘మా బిడ్డలెక్కనే సూస్త, ఫికర్ జెయ్యకు’’ అని ఓ మూర మల్లెపూలు చేతిలో పెట్టింది. డబ్బులు తీసుకోలేదు.

కూతురు బ్యాంకులోకి వెళ్లింది. అద్దాల తలుపు వెనక అది కుర్చీ లాక్కుని కూర్చోవడం, మొదటి కస్టమర్ పాస్‌బుక్ అందుకోవడం, ఆ ముసలాయనకి ఏదో ఓపిగ్గా చెప్పడం... ఇవన్నీ బాబాయి ఫుట్‌పాత్ మీద నిలబడి చూశాడు. ఎండ మొహానికి కొడుతున్నా కదల్లేదు. తువ్వాలుతో కళ్లు తుడుచుకుని, ‘‘దుమ్మెక్కువరా మీ ఊళ్లో’’ అన్నాడు.

అక్కణ్నుంచి నేరుగా నాంపల్లి స్టేషన్‌కి పదమన్నాడు. సాయంత్రం కదా రైలు, ఇప్పుడెందుకన్నాను. మాట్లాడకుండా చొక్కా లోపలి జేబులోంచి ఓ కాయితం తీశాడు. తిరుగు ప్రయాణం టిక్కెట్. అందులో పేర్లు రెండు. ఆయనది, కూతురిది. నిడదవోలులో బయల్దేరక ముందే కొని, మడతపెట్టి జేబులో పెట్టుకున్నాడు. మూడ్రోజులూ చాయ్ తాగుతున్నప్పుడూ, చందమామ చదువుతున్నప్పుడూ, అప్పడం విరుస్తున్నప్పుడూ అది ఆ జేబులోనే ఉంది.

రిజర్వేషన్ కౌంటర్లో రెండో పేరు కొట్టించాడు. క్యాన్సిలేషన్‌కి ఇంత పోతుందని చెప్పాడు లోపలి మనిషి. పుస్తకం మీద నలభై రూపాయల కోసం అర్ధగంట పోరాడిన మా బాబాయి, వెనక్కిచ్చిన చిల్లర లెక్కపెట్టకుండా జేబులో వేసుకున్నాడు.

‘‘రాజమండ్రి వాళ్లకేం చెబుతావు బాబాయ్?’’

‘‘మా అమ్మాయి ఉద్యోగం చేస్తుందని చెప్తా. అది వినడానికి ఇష్టమున్నవాళ్లే మళ్లీ ఫోన్ చేస్తారు.’’

ఇది జరిగి నెలలు దాటింది. వాళ్లు మళ్లీ ఫోన్ చేయలేదు. బాబాయి మాత్రం వారానికి రెండుసార్లు చేస్తాడు. కూతురి క్షేమం ఒక్క ముక్కలో అడుగుతాడు. మిగతాదంతా ఊరి క్షేమమే. అబిడ్స్‌లో వానపడిందా? ఆదివారం వానొస్తే ఆ పుస్తకాలెలా? వచ్చే నుమాయిష్‌కి ఈసారి పిన్నిని కూడా తెస్తాడట. మా ఊళ్లో ఎవరైనా సిటీని ఒక్క మాటంటే మీదపడిపోతున్నాడని పిన్ని మొత్తుకుంటోంది. టీ చేసిచ్చినప్పుడల్లా ‘‘నాంపల్లి టీ తాగినవాణ్ని’’ అంటున్నాడట. ఆ మాటకి పిన్ని వారం రోజులు టీ పెట్టడం మానేసింది.

మొన్న ఫోన్ పెట్టేసే ముందు కాస్త నసిగాడు. ‘‘అవున్రా... ఆ హోటల్ కుర్రాడు నా గురించి ఎప్పుడైనా అడిగాడా?’’

మరుసటి రోజు పనిమీద అటు వెళ్తూ హోటల్లో కూర్చున్నాను. నేను నోరు విప్పేలోపే వెయిటర్ చాయ్ పెట్టి, నా పక్క ఖాళీ కుర్చీ వైపు చూసి అడిగాడు... ‘‘సాబ్, వో ఆయ్ వాలే బాబా కైసే హైఁ? కబ్ ఆతే?’’